దొడ్లో ఉడతలు ఏమైపోయాయి? ఎలకలు కూడా ఎందుకు తగ్గాయి?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. పాత పెంకుటిల్లు, వెనకాల పెద్ద దొడ్డి, జామచెట్టు, మునగ, రెండు కొబ్బరిచెట్లు, నుయ్యి ఉన్నాయి. నేను కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ దొడ్డినిండా ఉడతలే, బియ్యం చెరుగుతుంటే చాట దాకా వచ్చి నూకలు ఏరుకుని పోయేవి. సంక్రాంతి దాటాక ఒక్కొక్కటే తగ్గి శివరాత్రికల్లా ఒక్కటంటే ఒక్కటి లేదు. చూర్లో పిచ్చుకలు లేవు, నూతి గట్టు మీద గువ్వలు లేవు, గోదురు కప్పలు కూడా కనపడట్లేదు. కాకులూ గోరింకలూ ఉన్నాయి, తొండలైతే గోడమీద ఎప్పట్లాగే తలలూపుతున్నాయి. జామకాయల మీద ఉడత కొరుకుడు అన్నదే లేదు. మా ఆయన సెల్ టవర్ వల్ల అంటారు. మా అత్తగారేమో జీవాలు ఇల్లొదిలి పోతే ఆ ఇంటికి మంచిది కాదు, శాంతి చేయించాల్సిందే అంటున్నారు. మా అబ్బాయి ఆరో క్లాసు, సంతలో ఉడత పిల్లల్ని అమ్ముతారట, కొనుక్కొచ్చి వదిలేద్దాం అని రోజూ పేచీ. ఊళ్ళో జబ్బులేం లేవు, ఎదురింటి వాళ్ళ కోడిపెట్ట ఒకటి పోయింది, తెగులేమో అన్నారు. ఒక్కటే మంచి జరిగింది, ఈ ఏడు మాకు ఎలకల గోల కూడా లేదు. అసలేం జరిగుంటుంది, మళ్ళీ వస్తాయా, చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు సంగతంతా చివరి రెండు మాటల్లో ఉంది, మీరేమో అవి పెద్ద విషయాలు కాదన్నట్టు రాసి వదిలేశారు. ఎదురింటి కోడిపెట్ట ఒకటి పోయింది అన్నారు, ఎలకల గోల లేదు అన్నారు. ఉడతలు ఏ నెలల్లో తగ్గాయో ఎలకలూ ఆ నెలల్లోనే తగ్గితే అది టవరూ కాదు అరిష్టమూ కాదు, ఎవరో ఎలకల మందు పెట్టారు, ఆ మందు ఎలకలతో ఆగలేదు. నాకున్న అనుమానం ఇది. చూడకుండా తీర్పు చెప్పెయ్యడం బాగోదు గనక, అనుమానం ఎందుకొచ్చిందో చెప్తాను, అది నిజమో కాదో ఇంట్లో కూర్చునే మీరు ఎలా తేల్చుకోవచ్చో కూడా చెప్తాను.

ముందు ఒక పని చెయ్యండి. కనపడకుండా పోయినవాటిని పక్కనపెట్టి మిగిలినవి ఏవో చూడండి. తొండలు ఉన్నాయన్నారు, తొండ తినేది పురుగుల్ని, చీమల్ని, చిన్న మిడతల్ని. గోరింకలు ఉన్నాయన్నారు, అవి మెతుకులూ గింజలూ కూడా ముడతాయి కాని ఎక్కువ బతికేది పురుగుల మీదా పళ్ళ మీదా. ఇంక పోయినవాటి లిస్టు చూడండి, ఉడత, పిచ్చుక, గువ్వ, ఎలక, కోడిపెట్ట. ఈ అయిదూ నేల మీద పడ్డ గింజ ఏరుకుతినేవే. మీ దొడ్లో ఏదైనా గాలో, జబ్బో, పిల్లో, పొలాల్లో కొట్టిన మందో వచ్చి అన్నిటినీ పట్టుకునుంటే తొండలు కూడా పోవాలి, అవి పోలేదు. గింజ తినేవి పోయి పురుగు తినేవి మిగిలాయంటే గింజలోనే ఏదో ఉంది అనుకోవాలి కదా. కాకుల్ని మాత్రం సాక్ష్యానికి పిలవకండి, కాకి అన్నీ తింటుంది, అనుమానమొస్తే దేన్నీ ముట్టదు, దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

రెండోది టైమింగు. సంక్రాంతి దాటాక అన్నారు. మన ఇటేపు వరి కోతలై, కుప్పలు నూర్చి, ధాన్యం ఇళ్ళకి చేరేది సరిగ్గా అప్పుడే, పొలంలో తిండి అయిపోయాక పొలం ఎలకలూ పందికొక్కులూ ఇళ్ళ వైపు గడ్డికుప్పల వైపు మళ్ళుతాయి, ధాన్యం బస్తాలు కొరికేస్తున్నాయని జనం మందు పెడతారు. పైగా మీ చీపురుపల్లి, గరివిడి సైడు వరి తర్వాత మొక్కజొన్న వేసేవాళ్ళు ఎక్కువ, నాటిన గింజని ఎలకా ఉడతా కాకీ తవ్వుకు తినేస్తాయి గనక చేను గట్టున కూడా మందు పడుతుంది. అంటే ఊళ్ళో ఎలకల మందు ఎక్కువ తిరిగే నెలలూ, మీ దొడ్డి ఖాళీ అయిన నెలలూ ఒకటే.

ఇక మందు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎలకల మందంటే ఒకటే అనుకుంటారు గాని మన కిరాణా షాపుల్లో, పురుగుమందుల షాపుల్లో దొరికేవి మూడు రకాలు. ఒకటి నల్లపొడి, జింక్ ఫాస్ఫైడ్. దాన్ని 96 పాళ్ళ నూకలకి 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు కలిపి పెట్టమని వ్యవసాయం వాళ్ళు చెప్తారు. కడుపులోకి వెళ్ళాక అక్కడి ఆమ్లంతో కలిసి ఫాస్ఫిన్ అనే విషవాయువు పుడుతుంది, గంటల్లో పని అయిపోతుంది, వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. దీనికి విరుగుడు లేదు, పిట్టలకీ కోళ్ళకీ కూడా ఇది గట్టి విషమే. రెండోది రంగురంగుల కేకులు, బిళ్ళలు, వాటిల్లో ఎక్కువగా బ్రోమాడయోలోన్ ఉంటుంది. అది రక్తం గడ్డకట్టనివ్వదు, లోపల్లోపల రక్తం కారి మూడు నాలుగు రోజుల నుంచి వారం లోపు చచ్చిపోతాయి, అందుకే తిన్నచోట పడిపోవు, ఎక్కడో కన్నంలోనో చెట్టు తొర్రలోనో పెంకు కిందో పోతాయి, మనకి శవం కనపడదు, ఎటో వెళ్ళిపోయాయి అనుకుంటాం. మూడోది ట్యూబులో వచ్చే పేస్టు, చాలావాటిల్లో పసుపు భాస్వరం ఉంటుంది, అది ఎలక కంటే ముందు మనుషుల్ని చంపే సరుకు, లివరు దెబ్బతింటుంది, విరుగుడు లేదు, ఆరో క్లాసు పిల్లాడున్న ఇంటి చుట్టుపక్కలకి అది రాకూడదు అంతే, దాని గురించి ఇంకేం చెప్పను.

మీ లిస్టులో పిచ్చుకా గువ్వా కోడీ ఉన్నాయి గనక నా అనుమానం మొదటిదాని మీద, నూకల్లో కలిపిన నల్లపొడి మీద. కేకు మందు పిట్టలకి అంత తేలిగ్గా ఎక్కదు, పైగా మైనం బిళ్ళని గువ్వ పొడుచుకు తినదు. నూకలంటే మాత్రం మీరే రాశారు కదా, చాట దాకా వచ్చి ఏరుకునేవని. అలవాటైన తిండి, అలవాటైన చోటు. ఇంక కోడిపెట్ట, తెగులేమో అన్నారు. కొక్కెర తెగులు వస్తే ఒక్క పెట్టతో ఆగదు, వారం పదిరోజుల్లో వీధిలో కోళ్ళన్నీ తూలి మెడలు వంకరపోయి పడిపోతాయి. ఒక్క పెట్ట ఉన్నట్టుండి పోయి మిగతావి శుభ్రంగా తిరుగుతున్నాయంటే అది ఏదో తింది.

ఇప్పుడు మీరు చూడాల్సినవి. మొదట, ఉడతలు నిజంగా పూర్తిగా పోయాయా, లేక బెదిరి తగ్గాయా అన్నది. ఎండెక్కాక మనుషుల అలికిడికి కనపడకపోవచ్చు, అందుకని తెల్లారగట్టే జామచెట్టు కింద చూడండి. రాలిన కాయ తీసుకుని దగ్గరగా పట్టుకుని చూస్తే ఎవరు తిన్నారో తెలిసిపోతుంది. ఉడత కొరికిన కాయ మీద చిన్న చిన్న గాట్లు ఉంటాయి, పక్కపక్కనే రెండు పళ్ళ గీతలు, చెక్కినట్టు, ఒకచోట మొదలెట్టి లోపలికి తవ్వుకుంటూ పోతుంది. రామచిలక అయితే పెద్ద పెద్ద పెళ్ళలు పీకి సగం తినకుండానే కింద పారేస్తుంది. గబ్బిలం వచ్చిందనుకోండి, రసం పీల్చుకుని నమిలిన పిప్పిని ఉండల్లాగ ఉమ్మేస్తుంది, అవి పొద్దున్నే చెట్టు కింద తడితడిగా దొరుకుతాయి. కొబ్బరిచెట్టు కింద కూడా చూడండి, ముచ్చిక దగ్గర గుండ్రంగా కన్నం పడ్డ పిందెలు రాలితే అది ఉడతో ఎలకో. ఇవేవీ వారం రోజులు ఒక్కటి కూడా దొరక్కపోతే ఉడత లేదనే అనుకోండి. కొమ్మల మధ్య పీచూ దూదీ గడ్డీ కుక్కిన బంతి లాంటి గూళ్ళు ఉంటే వాటిని మాత్రం దించకండి, ఖాళీవే అనిపించినా సరే.

తర్వాత చచ్చినవాటి కోసం వెతకడం. అటక మీద, గడ్డికుప్ప వెనకాల, నూతి పక్కన సామాన్ల గదిలో, పెంకు సందుల్లో ఎక్కడైనా ఎండిపోయిన ఎలకలు గాని ఉడతలు గాని దొరుకుతాయేమో మీ ఆయన్ని ఓ ఆదివారం చూడమనండి, టవర్ మీద చర్చ కంటే ఇది ఉపయోగం. ఎలక పెంటికలు దొరికితే రంగు చూడమనండి, నీలంగానో గులాబీగానో పచ్చగానో ఉంటే అది కేకు మందు రంగు, తిన్న జంతువు పెంటికలో కూడా అదే రంగు దిగుతుంది. దేన్నీ ఉత్తి చేత్తో ముట్టుకోవద్దు, రెండు ప్లాస్టిక్ కవర్లు చేతికి తొడుక్కుని తియ్యండి, నూతికి దూరంగా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. కాల్చొద్దు. మిగిలిపోయిన మందు నూకలు ఎక్కడైనా కనపడితే వాటి మీద నీళ్ళు పొయ్యొద్దు, ఆ గ్యాసు బయటికొస్తుంది, పొడిగానే ఎత్తి పూడ్చిపెట్టాలి.

పిల్లి సంగతి కూడా అడగాలి. ఉడతలు హఠాత్తుగా తగ్గిపోయిన ఇళ్ళల్లో కొన్నిచోట్ల అసలు కారణం వీధిలోకి కొత్తగా వచ్చిన పిల్లి, ముఖ్యంగా పిల్లలు పెట్టిన ఆడపిల్లి. పిల్లి వస్తే కూడా ఎలకలు తగ్గుతాయి గనక రెంటికీ ఒకేలా ఉంటుంది. కాని పిల్లి ఉన్న దొడ్లో ఉడత తోకలు, ఈకల కుప్పలు దొరుకుతాయి, మిగిలిన ఉడతలు చెట్టుమీద తోక ఎగరేస్తూ గంటల తరబడి చిక్ చిక్ మని అరుస్తూనే ఉంటాయి, పైగా గోడమీద తలలూపే తొండల్ని పిల్లి అస్సలు వదలదు. మీ తొండలు దర్జాగా ఉన్నాయి గనక పిల్లిని నేను రెండో నంబర్లో పెట్టాను.

గోదురు కప్పల్ని ఈ లిస్టులోంచి తీసెయ్యండి. ఉగాది రోజుల్లో గోదురు కప్ప కనపడకపోవడం వింత కాదు, మట్టిలో, కుండీల అడుగున, తేమ ఉన్నచోట దూరి కూర్చుంటుంది, తొలకరి పడ్డ రాత్రి మీ నూతి దగ్గర కచేరీ మొదలవుతుంది. అప్పుడు కూడా రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

టవర్ గురించి మీ ఆయనకి రెండు ముక్కలు. ఆ టవర్ ఎప్పుడు కట్టారో అడగండి. అయిదారేళ్ళ కిందట కట్టుంటే మరి మొన్న సంక్రాంతి దాకా ఉడతలు ఎందుకు ఆగాయి? పిట్టల మీద టవర్ల ప్రభావం చూడమని కేంద్ర పర్యావరణ శాఖ 2010లో నిపుణుల కమిటీ కూడా వేసింది, వాళ్ళు కూడా మన దేశంలో దీని మీద జరిగిన పరిశోధన చాలా తక్కువ అనే తేల్చారు, అంటే టవర్ మంచిదనీ కాదు, పిచ్చుకల్ని చంపేసిందనీ కాదు. పిచ్చుక గురించి ఇంకో సంగతి, దేశమంతా బర్డ్ వాచర్లు రాసుకున్న లెక్కలతో 2020లో ఒక పెద్ద నివేదిక వచ్చింది, దాంట్లో చూస్తే మొత్తం దేశం మీద పిచ్చుకలు పాతికేళ్ళుగా ఇంచుమించు నిలకడగానే ఉన్నాయి, తగ్గింది హైదరాబాదు, చెన్నై, బెంగళూరు లాంటి మహానగరాల్లో. అందుకని పల్లెటూర్లో పెంకుటింటి చూర్లో పిచ్చుకలు రెండు నెలల్లో మాయమయ్యాయంటే దేశంలో కారణం వెతక్కండి, మీ వీధిలో వెతకండి.

మొక్కజొన్న మాట కూడా ఒకటి. 2018లో కత్తెర పురుగు మన దేశంలోకి దిగిన దగ్గర్నుంచి మొక్కజొన్న మీద మందులు కొట్టడం బాగా పెరిగింది, నాటే విత్తనానికి కూడా రంగు మందు పూసి వస్తోంది, ఆ గింజ పిట్ట తింటే ప్రమాదమే. పురుగులు తగ్గితే పిచ్చుకలకి ఇంకో చిక్కు, పెద్ద పిచ్చుక గింజ తిని బతుకుతుంది గాని గూట్లో పిల్లలకి మొదటి రోజుల్లో మెత్తటి పురుగులే పెట్టాలి. కాబట్టి చేలల్లో మందు ప్రభావం మీ చూరు దాకా రాదని అనను. కాని అది మెల్లగా ఏళ్ళ మీద కనపడే తగ్గుదల, మీరు చెప్పింది సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య జరిగింది.

మీ అత్తగారి మాట మీద ఒక్క నిమిషం. పెద్దావిణ్ణి కొట్టిపారెయ్యొద్దు, ఆవిడ గమనించింది నిజమే, పేరు ఒక్కటే వేరే పెట్టారు. మన పెద్దాళ్ళు రాబందు ఇంటిమీద వాలితే అరిష్టమని ఇల్లు పాడుపెట్టి కొన్నాళ్ళు వేరేచోట ఉండేవారు, ఆవిణ్ణి అడగండి చెప్తారు. ఊరి బయట చచ్చిన పశువుని పారేస్తే గంటలో దిగేవి అవి. 1990ల్లో మొదలై చూస్తుండగానే మాయమైపోయాయి, తెల్లనడుం రాబందులైతే 1992కీ 2007కీ మధ్య వెయ్యికి ఒకటి మిగిలిందంతే. అప్పుడు కూడా ఇలాగే ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు, వైరస్ అన్నారు, తిండి లేక అన్నారు, పురుగుమందులన్నారు. చివరికి 2004లో తేలిందేంటంటే, పశువులకి నొప్పికీ జ్వరానికీ పొడిచే డైక్లోఫెనాక్ ఇంజక్షను. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుని తింటే రాబందుల కిడ్నీలు పాడైపోతున్నాయి. పశువుల డాక్టరు సంచీలో రోజూ ఉండే మందు, పశువుకి మేలే చేసేది, దాన్నెవరు అనుమానిస్తారు? 2006లో పశువులకి వాడకూడదని నిషేధించారు, దాని బదులు మెలోక్సికామ్ ఉంది, రాబందులకి ఏం కాదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇలా మాయమైనప్పుడు కారణం ఎక్కడో ఆకాశంలో ఉంటుందనుకుంటాం, తీరా చూస్తే మనమే మంచికని కొనుక్కొచ్చిన సరుకై ఉంటుంది. శాంతి విషయం ఆవిడ ఇష్టం, ఆవిడ మనసు నెమ్మదిస్తుందంటే గుళ్ళో అర్చన చేయించండి, వేలకి వేలు అడిగే వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. ఆవిణ్ణి ఒక పనికి వాడుకోండి, ఏది ముందు పోయింది, ఏది తర్వాత పోయింది, ఏ పండక్కి ఏది ఉంది అన్నది ఆవిడకే బాగా గుర్తుంటుంది, పగలంతా దొడ్డి వైపు కూర్చునేది ఆవిడే కదా.

ఇంక అసలు కష్టమైన పని, ఎదురింటి వాళ్ళతోనూ పక్కింటి వాళ్ళతోనూ మాట్లాడ్డం. మీరు మందు పెట్టి మా ఉడతల్ని చంపేశారు అని మొదలెడితే ఆ రోజుతో రెండిళ్ళకీ మాటలుండవు, ఉడతలూ రావు. మీ ఇంట్లో ఎలకలు తగ్గాయి కదా వదినా, ఏం మందు వాడారు, మాకూ కావాలి అని అడగండి, పేకెట్ తెచ్చి చూపిస్తారు. ఇది కాస్త గడుసుతనమే, ఏం పర్లేదు. మందు బయటపడితే అప్పుడు కోడిపెట్ట సంగతి తీయండి, పిల్లలు దొడ్డెంట తిరుగుతారు కదా అనండి. ఉడతల కోసం ఎవరూ మారరు, కోడి కోసం పిల్లల కోసం మారతారు.

మారమని చెప్పాలంటే వేరే మార్గం చూపించాలి కూడా, ఎందుకంటే ధాన్యం బస్తా కొరికితే బాధ వాళ్ళది. ఎలకలకి ఇనప బోను మంచిది, కొబ్బరిముక్క కాల్చి పెడితే పడుతుంది, ఉడత పడితే పొద్దున్నే తలుపెత్తి వదిలెయ్యొచ్చు. జిగురు అట్టలు వద్దు, వాటికి తొండలూ పిట్టలూ ఉడత పిల్లలూ అంటుకుని గిలగిల్లాడి చస్తాయి. బస్తాలు నేల మీద కాకుండా రేకు డ్రమ్ముల్లో పోసుకుంటే సగం ఎలకలు వాటంతట అవే పోతాయి. మందు పెట్టకుండా కుదరదు అంటే ఒక్కటి చెప్పండి, ఎలక రాత్రి తిరుగుతుంది, ఉడత పగలు తిరుగుతుంది, గువ్వా పిచ్చుకా కోడీ అన్నీ పగటివే. అందరూ పడుకున్నాక ఇంటి లోపల అటక మీదో గది మూలో పెట్టి, తెల్లారకముందే ఎత్తేస్తే దొడ్లో జీవాలకి చాలావరకు ముప్పు తప్పుతుంది. ఆరుబయట చల్లడం, గోడ వారన పొట్లాలు విప్పి వదిలెయ్యడం, ఇదే కొంప ముంచేది. రాత్రి పెట్టి తెల్లారకముందే ఎత్తేసినా అది పూర్తి రక్షణ కాదు, కేకు మందు తిని తూలుతున్న ఎలకని పట్టుకు తిన్న గుడ్లగూబకీ పిల్లికీ ముంగిసకీ కూడా ఆ విషం ఎక్కుతుంది, అలా ఏళ్ళ తరబడి ఎలకల్ని ఉచితంగా పట్టే వాటినే మనం చంపుకుంటాం, తర్వాత ఏడు ఎలకలు ఇంకా ఎక్కువొస్తాయి.

ఇంకోమాట, పెంపుడు కుక్కో పిల్లో కేకు మందు తిన్నదని అనుమానముంటే ఆలస్యం చెయ్యకండి, దానికి విటమిన్ కె1 విరుగుడుంది, పశువుల డాక్టరు ఇస్తారు. సంచార పశువైద్యం బండికి 1962కి ఫోన్ చెయ్యొచ్చు. ఒకేసారి కాకులో కోళ్ళో పదీ ఇరవై పడిపోతే మాత్రం అది వేరే కథ, బర్డ్ ఫ్లూ కూడా కావొచ్చు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో వచ్చింది కదా, అలాంటప్పుడు ముట్టుకోకుండా వెంటనే పశువుల ఆస్పత్రికి చెప్పాలి.

మళ్ళీ వస్తాయా అన్నారు. మందు ఆగితే వస్తాయి. ఉడత ఒక కాన్పుకి రెండు మూడు పిల్లల్ని పెడుతుంది, ఏడాదిలో ఒకటికి మించి కాన్పులు, పిల్లలు ఎదిగాక కొత్త చోటు వెతుక్కుంటాయి, పక్క తోటలో ఉంటే ఖాళీగా ఉన్న మీ దొడ్డికి రాక మానవు. రావాలంటే దారి కావాలి. ఉడత నేలమీద ఎక్కువ దూరం నడవదు, చెట్టు నుంచి చెట్టుకి, గోడ మీద నుంచి, తీగ మీద నుంచి వస్తుంది. చుట్టుపక్కల ఈ మధ్య పెద్ద చింతచెట్టో వేపచెట్టో కొట్టేశారేమో చూడండి, ఒక్క చెట్టు పోతే మీ దొడ్డికి వంతెన తెగినట్టే. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది, పీచు, తొర్ర, కొమ్మ, కాయ అన్నీ ఒక్క రాత్రిలో పోతే ఉడతకి గూడు కట్టుకునే చోటేది? మీ ఊళ్ళో అంత పని జరగలేదు, చెట్లున్నాయి, అది మీ అదృష్టం.

టెక్కలి దగ్గర తేలినీలాపురం చూసుంటారు, పెలికాన్లూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊరి నడిమధ్య చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. గూడు ఊళ్ళో, తిండి నౌపడ వైపు చిత్తడి నేలల్లో. ఊరి జనం వాటిని కొట్టరు, చెట్లు కొట్టనివ్వరు, తిండి దూరంగా ఉన్నా ఎగిరెళ్ళి తెచ్చుకుంటాయి. ఉడతకీ పిచ్చుకకీ ఆ రెక్కల బలం లేదు, గూడూ తిండీ రెండూ మీ వీధిలోనే దొరకాలి.

మీరు చెయ్యగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. దొడ్లో ఒక మూల ఊడవకుండా వదిలెయ్యండి, ఎండుటాకులు, కొబ్బరి మట్టలు, పీచు అక్కడ పడెయ్యండి, అత్తగారు కోప్పడితే తులసికోటకి దూరంగా ఉన్న మూల ఎంచుకోండి. వెడల్పాటి మట్టి మూకుట్లో నీళ్ళు పోసి మధ్యలో రాయి పెట్టండి, రోజూ కడిగి మార్చాలి, వేసవి నెలల్లో దీన్ని మించింది లేదు. చూరు సందులు సిమెంటుతో పూడ్చేస్తున్నారా? పూడ్చక తప్పదంటే పిచ్చుకకి చెక్కపెట్టె కట్టండి, కన్నం 32 మిల్లీమీటర్లు ఉంటే చాలు, అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమించేస్తుంది, ఎండ పడని గోడకి, పిల్లి అందని ఎత్తులో. వచ్చే కోతలకి నాలుగు వరి కుచ్చులు కట్టి వసారాలో వేలాడదీయండి, గంటెలు, చోళ్ళు వేసేవాళ్ళు ఉంటే ఆ కంకులైనా సరే. నేల మీద నూకలు చల్లడం మాత్రం ఇప్పుడే వద్దు, మందు సంగతి తేలేదాకా వాటికి నేల మీద నూకలు తినే అలవాటు మళ్ళీ చెయ్యకూడదు.

అబ్బాయికి చెప్పండి, సంతలో ఉడత పిల్లల్ని కొనొద్దు. అవి తల్లి గూట్లోంచి దొంగిలించినవి, కళ్ళు సరిగ్గా తెరవనివి, తెచ్చి వదిలితే ఆ రాత్రే పోతాయి, బతికినా అదే మందు తింటాయి, పైగా వీడు కొంటే వాళ్ళు ఇంకో గూడు దోచుకొస్తారు. వాడికి ఇంతకంటే మంచి పని ఉంది. వంటింట్లో గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, రోజూ స్కూలుకెళ్ళే ముందు దొడ్లో ఏం కనపడిందో ఆ తారీకు గళ్ళో రాయమనండి, ఉ అంటే ఉడత, గు అంటే గువ్వ, అలాగ. ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పెరట్లో పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఒకటి జరుగుతుంది, ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కించొచ్చు, వచ్చే ఏడు వాడు కూడా చేరొచ్చు. ఇందాక చెప్పిన దేశం నివేదికలు ఇలాంటి మామూలు మనుషుల లెక్కలతోనే తయారవుతాయి, 2023లో వచ్చినదాంట్లో 942 జాతుల సంగతి చూశారు. మీ చీపురుపల్లి సైడు నుంచి లెక్కలు రాసేవాళ్ళు ఎక్కువమంది ఉండరు, వాడు రాస్తే పనికొస్తుంది.

ప్రస్తుతానికి ముందు ఆ పేకెట్ పని చూడండి. మందు పేరు, మీద ఏ రంగు గుర్తుంది, నూకల్లో కలిపారా, ఎప్పుడు పెట్టారు, ఇంకా మిగిలుందా, ఇవి కనుక్కుని మళ్ళీ రాయండి, ఫొటో తీసి పంపినా సరే. నల్లపొడి కాక ఇంకేదైనా అయితే మనం మొదట్నుంచి మళ్ళీ ఆలోచించాలి.